పాత ఇల్లు, కొత్త కరెంటు నిబంధనలు: వైరింగ్ ఎంతవరకు మార్చాలి?

మార్చి దాటితే అనంతపురంలో ఏసీ కొనని వాళ్లు కూడా ఏసీ గురించే మాట్లాడతారు. కొన్నవాళ్లకు అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ మీటరు బోర్డు వైపు ఒకసారి చూసి, "ఈ వైరింగ్ మీద ఏసీ నడవదు, ఇల్లంతా మార్చాలి" అంటాడు. తెలిసిన ఇంకొకాయన "అదేమీ అక్కర్లేదు, ఒక ఆర్‌సీసీబీ పెట్టించండి చాలు" అంటాడు (కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపే స్విచ్ అది). ఇంట్లో పెద్దాయన "ఇన్నేళ్లలో ఏమీ కాలేదు కదా" అని తీర్పు చెబుతాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. అందుకే ఎటూ తేలదు.

ఏ దారి ఎవరికి సరిపోతుందో చూసేముందు, ఇల్లంతా మార్చాలనేవాళ్లు కారణంగా చెప్పే "కొత్త కోడ్" అనేది ఏమిటో తెలియాలి.

## మారిందేమిటి

ఈ మాట కింద మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి.

ఒకటి, చట్టబలం ఉన్న నిబంధనలు. 1956 నాటి భారత విద్యుత్ నియమాల స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చింది. వాటిని పక్కన పెట్టి 2023లో కొత్తవి ప్రకటించింది. ఇవి 2003 విద్యుత్ చట్టం కింద వచ్చినవి కాబట్టి పాటించి తీరాలి.

రెండు, భారతీయ ప్రమాణాల సంస్థ రాసిన ప్రమాణాలు. వైరింగ్‌కు ఐఎస్ 732 ఉంది. 1989 కూర్పును 2019లో దాదాపు పూర్తిగా తిరగరాశారు. ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 ఉంది. 1987 నాటి దాన్ని 2018లో సవరించారు. ఇలాంటివన్నీ ఒకచోట చేర్చిన నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 2011 తర్వాత మళ్లీ 2023లో వచ్చింది. ఇవి తమంతట తాము చట్టాలు కావు. పైన చెప్పిన నిబంధనలు వీటిని అనుసరించమంటాయి కాబట్టి వీటికి ఆ బలం.

మూడు, వస్తువు మీద ఉండే ఐఎస్ఐ ముద్ర. పీవీసీ వైరుకు ఐఎస్ 694, ఆర్‌సీసీబీకి ఐఎస్ 12640 అన్న అంకెలు ఆ ముద్ర దగ్గర కనబడాలి.

ఇంటివాళ్లకు వీటిలో ముఖ్యమైన మార్పు ఒకటే అనుకోవచ్చు. భూమిలోకి కరెంటు లీకయితే వెంటనే సరఫరా ఆపే పరికరం, అంటే ఆర్‌సీసీబీ వంటిది, 2010 నిబంధనల ప్రకారం 5 కిలోవాట్లలోపు ఇళ్లకు తప్పనిసరి కాదు. తర్వాత ఆ గీతను 2 కిలోవాట్లకు దించారు. ఒక గీజరు, ఒక ఏసీ ఉంటే ఆ గీత దాటిపోయినట్టే. అంటే మధ్యతరగతి ఇళ్లలో చాలావరకు ఇప్పుడు ఈ లెక్కలోకి వస్తాయి.

2019 ప్రమాణం ఇంకో పని చేసింది. "ఇంత లోడుకు ఇంత వైరు" అనే బండ లెక్క సరిపోదని చెప్పి, వైరు ఎంత వేడిలో ఉంది, ఒక పైపులో ఎన్ని వైర్లు ఉన్నాయి అన్నవాటిని బట్టి దాని శక్తిని తగ్గించి లెక్కించమంది. స్నానాల గదిని దూరాలను బట్టి భాగాలు చేసి, నీళ్లు పడే చోటుకు 60 సెంటీమీటర్ల లోపల మామూలు స్విచ్చులు, సాకెట్లు వద్దంది. పని పూర్తయ్యాక కొలతలు తీసి రాసి ఇవ్వమంది. ఈ చివరిదాన్ని మన ఊళ్లలో పాటించేవాళ్లు చాలా తక్కువ. అడిగేవాళ్లు అంతకంటే తక్కువ.

పాత ఇంటి తలుపు తట్టి "మార్చావా లేదా" అని అడిగేవాళ్లు ఎవరూ రారు. మీటరు దాటిన తర్వాత ఉన్న వైరింగ్ బాధ్యత ఇంటి యజమానిదే. అదనపు లోడుకో, కొత్త సర్వీసుకో దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టినప్పుడే ఈ ప్రశ్నలు ఎదురవుతాయి. కాబట్టి ఎంపికను భయంతో కాక లెక్కతో చేసుకునే వెసులుబాటు ఉంది.

## ముందు చూడవలసినవి

నేల. సీమ ఇళ్లకు అన్నిటికంటే ముందు ఇదే చూడాలి. మనకు వచ్చే సరఫరాలో ఫేజు, న్యూట్రల్ మాత్రమే ఉంటాయి. ఎర్త్ అనేది ఎవరి ఇంటి దగ్గర వాళ్లు తవ్వుకున్న గుంత. అనంతపురం చుట్టుపక్కల ఎర్రనేల, కింద రాయి. వాన దేశంలోనే అతి తక్కువగా పడే చోట్లలో ఒకటి. మే నెలలో ఆ గుంత ఎండి బొగ్గులా ఉంటుంది. కోయిలకుంట్ల వైపు నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది గానీ, ఎండాకాలం నెర్రెలు విచ్చి పైపును వదిలేస్తుంది.

ఒక చిన్న లెక్క చూడండి. గీజరులో ఫేజు వైరు ఊడి దాని ఇనుప బాడీకి తగిలింది అనుకుందాం. మీ ఎర్త్ గుంత నిరోధం 10 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ 2 ఓమ్‌లు అయితే పారే కరెంటు 230 ÷ 12, అంటే సుమారు 19 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మితిమీరితే పడిపోయే స్విచ్) 19 ఆంపియర్లకు పడిపోతుందన్న నమ్మకం లేదు. సి రకం ఎంసీబీ వెంటనే పడాలంటే దాని అంకెకు 5 నుంచి 10 రెట్లు పారాలి. ఈలోగా గీజరు బాడీ మీద 190 వోల్టులు నిలిచి ఉంటాయి. గుంత ఎండి 50 ఓమ్‌లకు చేరితే పారేది 4.4 ఆంపియర్లే. ఎంసీబీకి అది ఒక మిక్సీ నడుస్తున్నట్టే లెక్క.

30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీకి ఈ బాధ లేదు. ఎండిన 50 ఓమ్‌ల గుంతతో కూడా అది క్షణంలో తెగిపోతుంది. కాబట్టి మంచి ఎర్త్ దొరకని నేలలో ప్రాణాన్ని కాపాడేది ఎంసీబీ కాదు, ఆర్‌సీసీబీ. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా ఎంపిక సగం తేలిపోతుంది.

అలాగని ఎర్త్ లేకుండా ఆర్‌సీసీబీ పెట్టి ఊరుకోకూడదు. ఎర్త్ ఉంటే బాడీకి కరెంటు తగిలిన మరుక్షణమే తెగుతుంది. లేకపోతే ఎవరో ఒకరు ముట్టుకుని, వారి శరీరం గుండా లీకయ్యాకే తెగుతుంది.

ఎండ. కర్నూలు, కడప, అనంతపురం మూడూ మే నెలలో 43, 44 డిగ్రీలు చూస్తాయి. మిద్దె కప్పులో పోసిన పైపు లోపల ఇంకా ఎక్కువ. పైపులో వేసిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 30 డిగ్రీల దగ్గర 24 ఆంపియర్లు మోస్తుంది. 45 డిగ్రీలకు అందులో 79 శాతమే, 50 డిగ్రీలకు 71 శాతమే లెక్కలోకి తీసుకోవాలి. అంటే 17 ఆంపియర్లు. అదే పైపులో ఇంకో సర్క్యూట్ కూడా దూర్చితే మళ్లీ 80 శాతం, అంటే 13.6. దానికి ముందు 16 ఆంపియర్ల ఎంసీబీ ఉంటే, వైరు వేడెక్కి తొడుగు పెళుసెక్కుతున్నా ఎంసీబీ పలకదు. చల్లటి ఊళ్లలో సరిపోయిన వైరు ఇక్కడ సరిపోదని దీన్నిబట్టే తెలుస్తుంది.

గోడ, కప్పు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గోడలు, బండల కప్పు, దానిపై మట్టి మిద్దె. వీటిలో గాడి కొట్టి పైపు దాచడం అయ్యే పని కాదు. కొడితే రాయి పగులుతుంది, మట్టి రాలుతుంది. కాంక్రీటు ఇళ్లకు ఈ ఇబ్బంది లేదు.

పాత వైరు ఆరోగ్యం. దీన్ని కంటితో చూసి చెప్పలేం. మెగ్గర్ అనే పరికరంతో 500 వోల్టుల దగ్గర కొలవాలి. సర్క్యూట్‌కు ఒక మెగా ఓమ్ కంటే ఎక్కువ రావాలి. వస్తే తొడుగు ఇంకా పనికొస్తుంది. రాకపోతే చర్చ అవసరం లేదు, మార్చాలి. ఇల్లంతా మార్చాలని చెప్పే ఎలక్ట్రీషియన్‌ను ముందు మెగ్గర్ తెమ్మనండి. తేనివాడి మాట అంచనా మాత్రమే.

పాత వైరును గేజి లెక్కలో చెబుతారు కాబట్టి ఇదీ తెలిసి ఉండాలి. ముందు అంకె తీగల సంఖ్య, వెనక అంకె ఒక్కో తీగ గేజి. 1/18 అంటే 1.17 చదరపు మిల్లీమీటర్లు. 3/22 కూడా దాదాపు అంతే, 1.19. 3/20 సుమారు 1.97, 7/22 సుమారు 2.8, 7/20 సుమారు 4.6. "త్రీ ట్వంటీ వేశాం, పవర్‌కు బ్రహ్మాండంగా సరిపోతుంది" అంటే, అది నేటి 2.5 కంటే తక్కువ అని అర్థం. అది అల్యూమినియం అయితే మోసే శక్తి ఇంకా తక్కువ, పైగా కాలం గడిచేకొద్దీ బిగింపులు వదులవుతాయి.

## నాలుగు దారులు

### మొదటిది: పాత వైరింగ్ అలాగే, కొత్త ఎర్త్, ఆర్‌సీసీబీ

ఒక రోజులో పూర్తయ్యే పని. గుంత తవ్వి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు దించుతారు, మెయిన్ దగ్గర రెండు పోళ్ల 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, దాని ముందు ఎంసీబీ పెడతారు, గీజరు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, మోటరు సాకెట్లకు ఆకుపచ్చ ఎర్త్ వైరు లాగుతారు. పెట్టిన డబ్బుకు ఇంతకు మించిన రక్షణ ఇంకో దారిలో రాదు.

ఇబ్బంది, దాన్ని పెట్టిన రోజే మొదలవుతుంది. పాత ఇళ్లలో ఆర్‌సీసీబీ పెట్టగానే అది నిలబడదు. ఎక్కడో ఒక న్యూట్రల్ గోడ తడికి తగిలి ఉంటుంది. ఎక్కడో హాలు ఫ్యానుకు ఫేజు ఒక సర్క్యూట్ నుంచి, న్యూట్రల్ ఇంకో దాని నుంచి తీసుకుని ఉంటారు. ఇన్వర్టర్ పెట్టినప్పుడు దాని న్యూట్రల్‌ను మెయిన్ న్యూట్రల్‌తో కలిపేసి ఉంటారు. మామూలుగా ఇవేవీ బయటపడవు. ఆర్‌సీసీబీ మాత్రం వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానమా అని చూస్తుంది కాబట్టి వెంటనే పడిపోతుంది. అప్పుడు ఎలక్ట్రీషియన్ "ఈ ఇంటికి ఇది పనికిరాదు" అని దాన్ని దాటవేసి వైరు కలిపేస్తాడు. ఇంటివాళ్లు కూడా కరెంటు వచ్చింది కదా అని సంతోషిస్తారు. ఆర్‌సీసీబీ చూపించిన తప్పును వెతికి సరిచేయడమే ఈ దారిలో అసలు పని. కూలి మాట్లాడుకునేటప్పుడే దాన్నీ కలిపి మాట్లాడుకోవాలి.

"మాటిమాటికీ పడదు" అంటూ 100 లేదా 300 మిల్లీఆంపియర్లది అంటగట్టే దుకాణాలు ఉన్నాయి. 300ది నిప్పు ముప్పు తగ్గించడానికి వాడేది. మనిషికి షాక్ కొట్టినప్పుడు ఆదుకోవడానికి ఇంట్లో ఉండవలసింది 30. ఇంకో సంగతి: ఆర్‌సీసీబీల్లో 'AC' రకం, 'A' రకం అని రెండు ఉంటాయి (ఈ AC అంటే చల్లదనమిచ్చే ఏసీ కాదు). ఇన్వర్టర్ ఏసీలు, కొత్త వాషింగ్ మెషిన్లు ఉన్న ఇంటికి 'A' రకం మేలు. కొంచెం ధర ఎక్కువే, అయినా అక్కడ పొదుపు చేయవద్దు.

ఈ దారి చేయలేనిది కూడా ఉంది. వైరు వేడెక్కడాన్ని ఆర్‌సీసీబీ ఆపదు. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్న మనిషిని కూడా కాపాడలేదు.

### రెండవది: పెద్ద పరికరాలకు విడి లైన్లు

మొదటి దారిలో చెప్పినవన్నీ చేసి, దానికి తోడు ఏసీ, గీజరు, వంటగది సాకెట్లు, సంపు మోటరుకు డీబీ పెట్టె (ఎంసీబీలన్నీ ఉండే పంపిణీ పెట్టె) నుంచి నేరుగా కొత్త లైన్లు లాగడం. లైట్లు, ఫ్యాన్లు పాత వైరు మీదే ఉంటాయి. ఎల్ఈడీ బల్బులు వచ్చాక ఆ లోడు ఎంతో తగ్గిపోయింది కాబట్టి పాత రాగి వైరు, తొడుగు బాగుంటే, దాన్ని హాయిగా మోస్తుంది.

1985 తర్వాత కట్టిన కాంక్రీటు ఇళ్లలో చాలావాటికి నేను సలహా ఇచ్చేది ఇదే. నిప్పు ముప్పు ఎక్కువగా ఉండేది బరువైన లోడు గంటల తరబడి నడిచే చోట. ఆ నాలుగైదు లైన్లు మారితే ముప్పులో పెద్ద భాగం తీరిపోతుంది. ఏసీ లైనుకు 4 చదరపు మిల్లీమీటర్లు వేయించండి, ఒక పైపులో ఒకే సర్క్యూట్ ఉంచండి. 50 డిగ్రీల లెక్కలో కూడా 4 వైరు 22 ఆంపియర్లకు పైగా మోస్తుంది, 20 ఆంపియర్ల ఎంసీబీకి కింద నిశ్చింతగా ఉంటుంది.

డీబీలో వీలుంటే ఒక్క ఆర్‌సీసీబీకి బదులు ఒక్కో పెద్ద లైనుకు ఒక్కో ఆర్‌సీబీఓ పెట్టించుకోవచ్చు. అది ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ కలిసినది. గీజరులో లీకు వస్తే గీజరే ఆగుతుంది, ఫ్రిజ్ ఆగదు. డబ్బు మాత్రం ఎక్కువవుతుంది. ఊరికి వెళ్లినప్పుడు ఫ్రిజ్‌లో మందులు పాడవుతాయేమోనన్న చింత ఉన్నవాళ్లకు ఆ తేడా పెట్టడం దండగ కాదు.

దీనిలో లోపం: మీ ఇంటి వైరింగ్ రెండు తరాల అతుకుగా మిగిలిపోతుంది. పదేళ్ల తర్వాత వచ్చిన ఎలక్ట్రీషియన్‌కు ఏది పాతదో, ఏది కొత్తదో తెలియదు. డీబీ తలుపు లోపలి వైపు ఏ స్విచ్ దేనికో చీటీ అంటించి పెట్టండి.

### మూడవది: గోడ పైన కొత్త పైపు వైరింగ్

పాత చెక్క పట్టీల వైరింగ్ ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. టేకు పట్టీకి తగరపు క్లిప్పులతో కొట్టిన వైరు. దానికి చెదలు పట్టి, రబ్బరు తొడుగు పొడిపొడిగా రాలుతుంటే దాన్ని సరిచేయాలని చూడవద్దు. దాని మొత్తాన్ని తీసేసి గోడపైనే పీవీసీ కేసింగ్ లేదా గుండ్రటి పైపులో కొత్త వైరు వేయించండి.

చూడటానికి బాగుండదని చాలామంది దీన్ని పక్కన పెడతారు. నాపరాయి గోడలకు, మట్టి మిద్దెలకు మాత్రం ఇదే సరైనది. గోడ చెక్కు చెదరదు. వాన కురిసి మిద్దె ఊరినా వైరు గోడ లోపల తడిలో నానదు. ఎక్కడ లోపం వచ్చినా మూత తీసి చూసుకోవచ్చు. వేడి లెక్కలో కూడా, కప్పు కాంక్రీటులో పూడ్చిన పైపు కంటే నీడపట్టున గోడ మీద ఉన్న పైపు చల్లగా ఉంటుంది. మిద్దె మీద ఎండలో పైపు పరచడం మాత్రం వద్దు. పీవీసీ ఎండకు పెళుసెక్కి పగులుతుంది.

### నాలుగవది: గోడ కొట్టి మొత్తం కొత్తగా

అన్నిటికంటే మెరుగైనదీ, అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టేదీ ఇదే. ఖర్చులో వైరు వాటా అనుకున్నంత ఉండదు. గాడి కొట్టే కూలి, మళ్లీ ప్లాస్టరింగ్, పుట్టీ, రంగు కలిపి అసలు బిల్లును దాటిపోతాయి. ఇల్లు కొన్నాళ్లు ఉండటానికి పనికిరాదు.

మెగ్గర్ కొలతలో చాలా సర్క్యూట్లు తప్పినప్పుడు, లేదా ఎలాగూ రంగులు, బాత్రూము టైల్స్ మార్పిస్తున్నప్పుడు, లేదా పై అంతస్తు వేస్తున్నప్పుడు చేయించండి. ఇవేవీ లేకుండా "కొత్త కోడ్ వచ్చింది కాబట్టి" అని మాత్రమే గోడలు కొట్టించుకోవద్దు. ఆ డబ్బులో చిన్న భాగంతో రెండవ దారి మీ భద్రతను దాదాపు అంత దూరమూ తీసుకెళుతుంది.

| | ఆర్‌సీసీబీ, ఎర్త్ | విడి లైన్లు కలిపి | గోడపై పైపు | మొత్తం కొత్తగా |
|---|---|---|---|---|
| షాక్ నుంచి రక్షణ | బాగా పెరుగుతుంది | బాగా పెరుగుతుంది | ఆర్‌సీసీబీ కలిపితేనే | ఆర్‌సీసీబీ కలిపితేనే |
| వైరు వేడెక్కే ముప్పు | తగ్గదు | పెద్ద భాగం తగ్గుతుంది | తగ్గుతుంది | తగ్గుతుంది |
| ఖర్చు | అతి తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | చాలా ఎక్కువ |
| ఇంటికి ఇబ్బంది | ఒక రోజు | కొద్ది రోజులు | కొద్ది రోజులు, దుమ్ము తక్కువ | వారాలు |
| ఏ ఇంటికి | వెంటనే ఏదో ఒకటి చేయవలసిన ప్రతి ఇంటికి | కాంక్రీటు ఇల్లు, ఏసీ పెడుతున్నవాళ్లు | నాపరాయి గోడ, మట్టి మిద్దె | మరమ్మతు ఎలాగూ జరుగుతున్న ఇల్లు |
| సరిపోనిది | మెగ్గర్ తప్పిన వైరుకు | పాత లైట్ల వైరు అల్యూమినియం అయితే | కనబడకూడదనుకునేవాళ్లకు | అద్దె ఇంటికి |

## ఎర్త్ గుంతలో ఏది?

ప్లేటు, పైపు, రసాయన ఎర్తింగ్ అని మూడు పేర్లు చెబుతారు. ఇంటికి పైపు చాలు. దాదాపు 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, రెండున్నర మీటర్ల లోతు, ఇంటి పునాదికి కనీసం ఒకటిన్నర మీటరు దూరంలో. ఉప్పు, బొగ్గు వేసే పాత పద్ధతి పనిచేస్తుంది గానీ, ఉప్పు జీఐ పైపును తినేస్తుంది, నీళ్లు పోయకపోతే ఎండిపోతుంది. బెంటోనైట్ మట్టి నింపితే తేమ ఎక్కువకాలం నిలుస్తుంది. రాయి తగిలి లోతు దిగని చోట ఒకే గుంతతో కుస్తీ పట్టడం కంటే, పైపు పొడవుకు తగ్గని దూరంలో ఇంకో గుంత వేసి రెండూ కలపడం తేలిక.

బోరు కేసింగ్ పైపుకు ఎర్త్ కట్టడం మన వైపు మామూలు. కేసింగ్ ఈరోజుల్లో చాలాచోట్ల పీవీసీ. దానికి కట్టిన ఎర్త్ ఎర్త్ కాదు.

ఇంకా ప్రమాదకరమైన అలవాటు ఒకటి పల్లెల్లో ఉంది. న్యూట్రల్ రానప్పుడు ఎర్త్‌నే న్యూట్రల్‌గా వాడి బల్బులు వెలిగించుకుంటారు. అప్పుడు ఎర్త్ వైరంతా, ఆ గుంత చుట్టూ ఉన్న తడి నేల కూడా కరెంటు దారి అయిపోతుంది. అటుగా వచ్చిన గేదెలకు కూడా ఇది చావు దారి. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో ఈ పని చేయలేరు. చేసిన మరుక్షణం అది తెగిపోతుంది. కొందరు ఇళ్లలో ఆర్‌సీసీబీని వద్దనడానికి ఇదీ ఒక కారణం.

మీటరు పక్కన పింగాణీ ఫ్యూజులు రెండు ఉన్నాయేమో చూడండి. ఫేజుకు ఒకటి, న్యూట్రల్‌కు ఒకటి ఉంటే, న్యూట్రల్‌ది తీసేయించి, ఫ్యూజు లేని నేరు లింకు వేయించాలి. న్యూట్రల్ ఫ్యూజు పోతే లైటు ఆరిపోతుంది, కరెంటు లేదనుకుని చెయ్యి పెడతారు, ఫేజు మాత్రం సజీవంగా ఉంటుంది. 1956 నియమాల్లోనే దీన్ని నిషేధించారు. ఇప్పటికీ మన పాత ఇళ్లలో కనబడుతోంది.

## వైరు కొనేటప్పుడు

ఎఫ్ఆర్, ఎఫ్ఆర్‌ఎల్‌ఎస్‌హెచ్, హెచ్‌ఎఫ్‌ఎఫ్‌ఆర్ అని మూడు మాటలు వినబడతాయి. ఎఫ్ఆర్ వైరు మంటను తొందరగా అంటనివ్వదు. రెండవది దానికి తోడు పొగ, హానికర వాయువులు తక్కువగా వదులుతుంది. మూడవదానికి ఐఎస్ 17048:2018 అని వేరే ప్రమాణం ఉంది. అది పీవీసీ కాదు, కాలినా క్లోరిన్ వంటి వాయువులు రావు. సొంత ఇల్లు, కిటికీలు, రెండు తలుపులు ఉంటే మొదటి రెండింటిలో ఏదైనా సరిపోతుంది. కర్నూలులో అపార్ట్‌మెంటు అయితే, మెట్ల దారి ఒకటే కాబట్టి, హెచ్‌ఎఫ్‌ఎఫ్‌ఆర్‌కు ఖర్చు పెట్టడం అర్థవంతం. మనుషులను ముందు పడగొట్టేది మంట కంటే పొగ.

## ఎవరికి ఏది

అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు గోడల జోలికి వెళ్లలేరు. వాళ్లు మొదటి దారిని యజమానితో సగం సగం ఖర్చుకు ఒప్పించవచ్చు. ఒప్పుకోకపోతే ఆర్‌సీసీబీ పెట్టెను మీరే కొనిపెట్టి, ఖాళీ చేసేటప్పుడు పాత స్థితికి తెచ్చి తీసుకెళ్లవచ్చు. యజమానికి ముందే చెప్పి, పర్మిట్ ఉన్న వైర్‌మన్‌తోనే చేయించండి.

పిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంటికి ఆర్‌సీసీబీతో పాటు మూత ఉండే సాకెట్లు ముఖ్యం. ప్లగ్గు పెట్టినప్పుడే రంధ్రం తెరుచుకునే రకం. ఈ చిన్న మార్పుకు వైరింగ్ ముట్టుకోనవసరం లేదు.

ప్రొద్దుటూరులోనో ఆదోనిలోనో దుకాణం నడిపేవాళ్ల పరిస్థితి వేరు. రోజంతా లోడు, రాత్రి తాళం. రాత్రి నిప్పు రాజుకుంటే చూసేవాళ్లు ఉండరు. వాళ్లు రెండవ దారికి తగ్గకూడదు. మూసేటప్పుడు ఫ్రిజ్, కెమెరా లైను తప్ప మిగతావన్నీ ఆపగలిగేలా డీబీని రెండు భాగాలు చేయించుకోవాలి.

సౌర పలకలు పెట్టించాలనుకునేవాళ్లు వైరింగ్ పనిని, ఆ పనిని ఒకేసారి అనుకోవడం మంచిది. 2024లో మొదలైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లు, అంతకు పైబడిన వాటికి 78,000 రూపాయల వరకు రాయితీ ఉంది. పలకలకు, పిడుగు రక్షణకు వేరే ఎర్త్ గుంతలు కావాలి. ఇన్వర్టర్ లైను చేరడానికి డీబీలో చోటు కావాలి. ఇప్పుడు చిన్న డీబీ పెట్టించి, ఏడాది తిరగకుండానే దాన్ని పీకించడం అనవసరపు ఖర్చు. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో గాలివాన వచ్చే మన ప్రాంతంలో డీబీలో సర్జ్ (వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకడం) రక్షణ పరికరానికి కూడా చోటు వదిలించండి.

డబ్బు పూర్తిగా చెల్లించేముందు మూడు అంకెలు కాగితం మీద రాయించుకోండి: ప్రతి సర్క్యూట్ మెగ్గర్ కొలత, ఎర్త్ గుంత నిరోధం, ఆర్‌సీసీబీ ఎన్ని మిల్లీసెకన్లలో తెగింది అన్నది. ఎర్త్ కొలతను ఆగస్టు వానల తర్వాత తీస్తే ఎప్పుడూ అందంగానే వస్తుంది. అదే వ్యక్తిని మే నెలలో ఒకసారి మళ్లీ కొలవమని ముందే మాట్లాడుకోండి. ఆర్‌సీసీబీ మీద "టి" అని రాసి ఉన్న మీటను నెలకొకసారి నొక్కి చూడటం మాత్రం మీ పని. నొక్కినప్పుడు పడకపోతే దాన్ని ఆ రోజే మార్పించండి.